సీసా మీద ఎవరి పేరు రాయాలి?

అక్కతో మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చిన్న వ్యాపారాలు చేస్తున్నవాళ్లు మీ ఇబ్బందులు రాయండి అని పోయిన నెల ఈ పేజీలో అడిగాను. ఎక్కువ ఉత్తరాలు దేవరకొండ, నారాయణపేట, మహబూబ్‌నగర్, నకిరేకల్ వైపు నుంచి వచ్చాయి. కొందరు తినే వస్తువులు అమ్ముతున్నారు, కొందరు ఆట సామాన్లు. అందరి మనసులో ఉన్న భయం మాత్రం ఒకటే: మేమెవరమో తెలిస్తే కొంటారా? నల్లగొండలో పాతికేళ్లకు పైగా తొక్కులు పెట్టి అమ్ముతున్నాను. మాదిగ ఇంట్లో పుట్టినదాన్ని. ఆ భయం నాకు బాగా తెలుసు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

*

అక్కా, మాది దేవరకొండ దగ్గర తండా. లంబాడోళ్లం. 2018లో మా తండా పంచాయతీ అయింది. నేను డిగ్రీ చదివాను. రెండేళ్లుగా నాటుకోడి తొక్కు, మామిడికాయ తొక్కు పెట్టి హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలకు, మా టీచర్లకు పంపుతున్నాను. నెలకు 40 కిలోల దాకా పోతోంది. ఇప్పుడు లేబుల్ వేయించాలి. పేరులో తండా అని ఉండాలని మా ఆయన అంటాడు. లేబుల్ చేసే అబ్బాయి, ఆ మాట తీసేసి ఏదైనా దేవుడి పేరు పెట్టండి, అప్పుడే అందరూ కొంటారు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
ఒక చెల్లె, దేవరకొండ

చెల్లె, నీ ఉత్తరం చదివాక ఆ పూట ఇంకోటి తెరవబుద్ధి కాలేదు. ఎందుకో చెప్తాను.

1998 ఎండాకాలంలో మొదటిసారి అమ్మకానికి తొక్కు పెట్టాను. సీసా మీద దేవుడి పేరే వేయించాను. ఆ దేవుడంటే నాకు భక్తి ఉంది. కానీ ఆ పేరు పెట్టింది భక్తితో కాదు, భయంతో. టౌన్లో ఒక కిరాణా దుకాణం ఆయన నెలకు 20 సీసాలు తీసుకునేవాడు. మర్యాదగా మాట్లాడేవాడు, లెక్క కూడా సరిగ్గా ఇచ్చేవాడు. రెండో ఏడు ఒకరోజు డబ్బుల కోసం వెళ్లేసరికి మా ఊరి ఆమె అక్కడ పప్పు కొంటోంది. నన్ను చూసి, నువ్వు ఫలానా ఆయన బిడ్డవు కదా అని మా నాయన పేరు, మేముండే వాడ పేరు గట్టిగా అంది. ఆమె చెడ్డ మనసుతో అనలేదు, పలకరించింది అంతే. తర్వాతి వారం వెళ్తే 14 సీసాలు అట్టపెట్టెలో సర్ది మెట్ల మీద పెట్టి ఉన్నాయి. సరుకు కదలడం లేదమ్మా అన్నాడు. ఇంకో పది కావాలని అంతకు ముందు వారమే అడిగిన మనిషి. ఒక్క సీసా మూత కూడా తియ్యలేదు.

ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను. ఒక సీసా నుంచి నూనె కారి చీరకు అంటుకుంది. పల్లినూనె, కారం కలిసిన మరక, ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఆ చీర ఇంకా దాచుకున్నాను.

పేరు మార్చడానికి ఆ తర్వాత కూడా ఏళ్లు పట్టింది. 2004లో మా నాయన పేరు, మా ఊరి పేరు కలిపి కొత్త లేబుల్ వేయించాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను, వినాల్సిన మాట కాబట్టి. నేను వేసే దుకాణాలు ఏడు ఉంటే నాలుగు ఆపేశాయి. ఎనిమిది నెలలు మా ఆయన జీతం మీదే ఇల్లు నడిచింది. తర్వాత ఒక్కొక్కరూ వెతుక్కుంటూ రావడం మొదలైంది. హాస్టల్ వార్డెన్లు, బస్ డిపో కండక్టర్లు, విదేశాల్లో ఉన్న కొడుకులకు పంపే తల్లులు. అన్ని కులాలవాళ్లూ ఉన్నారు వాళ్లలో. మా పేరు తెలిసి కొన్నవాళ్లు కాబట్టి రేపు ఎవరో ఏదో చెప్పారని వదిలిపోయేది లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, దుకాణం మెట్లెక్కేటప్పుడు లోపల ఎవరున్నారో అని గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. ఆ టెన్షన్ మోసినవాళ్లకే తెలుస్తుంది దాని బరువు.

2016లో చంద్రభాన్ ప్రసాద్ అనే రచయిత దళిత్ ఫుడ్స్ అని నేరుగా పేరు పెట్టి పసుపు, కారం, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. ఆ వార్త చదివిన రోజు నేను ఇంట్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. నాయన పేరు రాయడానికే నాకు ఆరేళ్లు పట్టింది, జనం ఏ మాట దాచమంటారో ఆయన ఆ మాటనే రాశారు. మన హైవే మీద హోటళ్ల బోర్డులు చూడు. కులం పేరుతో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టు. ఆ పేర్లను జనం శుచిగా, రుచిగా ఉంటుందన్న హామీలాగా చదువుతారు. తండా అన్న మాటను కూడా అలాగే చదివే రోజు రావాలంటే ఎవరో ఒకరు దాన్ని సీసా మీద రాయాలి కదా. మీ ఆయన మాటే విను. తండా అని రాయి, చిన్న అక్షరాల్లో కాదు, పెద్దగా.

అయితే రాసే ముందు తొక్కు గట్టిగా నిలబడేట్టు చూసుకో. నాకు చెప్పడానికి బాధగానే ఉంది కానీ, పెద్ద పేరున్నవాళ్ల సీసాలో బూజు కనబడితే ఆ సీసా పాడైంది అంటారు. మన సీసాలో కనబడితే వీళ్లింతే అంటారు. ఇది అన్యాయమే. అయినా ఆ అవకాశం మనం ఇవ్వకూడదు.

మామిడికాయ తొక్కు సంగతి నీకు చెప్పక్కర్లేదు, తడి తగలకపోతే చాలు. కోడి తొక్కుతోనే జాగ్రత్త. ముక్క నూనెలో వేసిన వెంటనే పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, అవి ముక్కలోని నీళ్లు. బుడగలు చిన్నవై, చప్పుడు తగ్గి, నూనె తేటపడి అడుగున ముక్క కనబడే దాకా వేగాలి. తొందరపడి పైన ఎర్రబడగానే తీసేస్తే లోపల తేమ ఉండిపోతుంది, పదిహేనో రోజుకు వాసన మారుతుంది. నిమ్మరసం పూర్తిగా చల్లారాకే కలుపు, కొలత తగ్గించకు. పులుపు రుచికే అనుకుంటాం కానీ కాపలా కాసేది అదే. పులుపును కొలిచే లెక్క పీహెచ్ (పులుపు పెరిగే కొద్దీ అది తగ్గుతుంది) 4.6 కన్నా తక్కువుంటే ప్రాణం తీసే విషం తయారుచేసే క్రిములు అందులో పెరగలేవు. ఒక్కసారైనా ల్యాబ్‌లో పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకో. సీసాలు వేడినీళ్లలో మరగబెట్టి, ఎండలో బోర్లించి, లోపల ఆవిరి చుక్క లేకుండా ఆరాకే నింపు. నూనె ముక్కల పైన వేలెడంత నిలవాలి.

లేబుల్ మీద ఏముండాలో ఆ అబ్బాయికి తెలియకపోవచ్చు, నువ్వే రాసివ్వు. వేసిన వస్తువులు ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది చివర. సీసా కాకుండా లోపలి సరుకు బరువు. తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబర్, అన్ని పన్నులతో కలిపి ధర, నీ అడ్రస్, ఫోన్, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబర్. కోడి తొక్కుకు చదరంలో గోధుమరంగు త్రికోణం వెయ్యాలి. పాత లేబుళ్ల మీద గుండ్రని చుక్క చూసి అదే వేసేస్తుంటారు, ఇప్పుడు మాంసాహారానికి త్రికోణమే. మామిడికాయ తొక్కుకు ఆకుపచ్చ చుక్క. రెండూ ఒకే గిన్నెలో కలపవద్దు, గరిటెలు కూడా వేరే పెట్టు. శాకాహారం తినేవాళ్లు నిన్ను నమ్మి కొంటున్నారు.

పేరు ఖాయం కాగానే ట్రేడ్‌మార్క్‌కు పెట్టు. తొక్కులు 29వ తరగతిలోకి వస్తాయి. సొంతంగా పెట్టుకునే చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయల ఫీజు, పదేళ్లు పనిచేస్తుంది. రేపు మీ తండా పేరుకు విలువ వచ్చాక ఇంకెవరో పెట్టుకుపోతే అప్పుడు ఏడ్చి లాభం లేదు. గ్రైండర్, మూతలు బిగించే మెషీన్ కొనాలంటే 2020లో వచ్చిన చిన్న ఆహార పరిశ్రమల కేంద్ర పథకం గురించి నల్లగొండ జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడుగు. బ్యాంకు లోనుతో పెట్టే యూనిట్ ఖర్చులో 35 శాతం, ఎక్కువలో ఎక్కువ 10 లక్షల దాకా సబ్సిడీ ఇచ్చేలా పెట్టిన పథకం అది, ఇప్పుడూ నడుస్తోందో లేదో కనుక్కో. మధ్యలో ఎవరికీ కమీషన్ ఇవ్వకు.

మొదటి లేబుల్ వచ్చాక ఒక సీసా నాకు పంపు. డబ్బులిచ్చే తీసుకుంటాను.

*

అక్కా, మాది నారాయణపేట. ఇంట్లోనే ఉస్మానియా బిస్కెట్లు, ఖారీ చేసి అమ్ముతాను, రంజాన్ నెలలో హలీం. నాలుగేళ్ల నుంచి అన్ని ఇళ్లవాళ్లూ కొంటున్నారు. ఈ మధ్య మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో, వాళ్ల దగ్గర తినేవి కొనొద్దు, ఏం కలుపుతారో తెలియదు అని ఒకరు పెట్టారు. నా పేరు రాయలేదు కానీ అందరికీ తెలుసు ఎవరి గురించో. అమ్మకం సగం పడిపోయింది. మా వారు పేరు మార్చి వేరే ఊళ్లో అమ్ముదాం అంటున్నారు.
ఒక సోదరి, నారాయణపేట

చెల్లె, నువ్వు ఒక్కదానివి కాదు. ఇడ్లీ పిండి ప్యాకెట్లు అమ్మే ఐడీ ఫ్రెష్ కంపెనీ పేరు వినే ఉంటావు. కేరళ వయనాడ్‌లో కూలీ కొడుకుగా పుట్టిన పి.సి. ముస్తఫా, ఆయన చుట్టాల పిల్లలు కలిసి 2005లో బెంగళూరులో చిన్న గదిలో మొదలుపెట్టారు. ఇప్పుడు అది పెద్ద కంపెనీ. అంత పెద్దవాళ్ల మీద కూడా 2021లో వాట్సాప్‌లో పుకారు లేపారు, పిండిలో జంతువుల ఎముకలు కలుపుతున్నారని. వాళ్లు పేరు మార్చుకోలేదు. మా పిండిలో బియ్యం, మినప్పప్పు, నీళ్లు, మెంతులు తప్ప ఏమీ లేవని బహిరంగంగా ప్రకటించారు, సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేశారు.

హైదరాబాద్‌లో 1953లో మొదలైన కరాచీ బేకరీ సంగతి చూడు. దేశ విభజనప్పుడు సర్వం వదిలి వచ్చిన సింధీ హిందూ కుటుంబం పెట్టింది అది. పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకున్నారు. 2019లో బెంగళూరులో వాళ్ల షాపు మీదికి వచ్చి గొడవ చేస్తే బోర్డు మీది ఆ మాటను కప్పాల్సి వచ్చింది. పుకారు పుట్టించేవాళ్లు నిజం వెతకరమ్మా, దొరికిన పేరును పట్టుకుంటారు. అందుకే పేరు మార్చినంత మాత్రాన నువ్వు బయటపడవు.

ఇక చెయ్యాల్సింది. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచు. గ్రూప్‌లో కోపంగా జవాబు పెట్టకు, అసలు అక్కడ వాదన వద్దు. ఒక ఆదివారం పొద్దున, బిస్కెట్లు చేసే సమయానికి, నీ దగ్గర నాలుగేళ్లుగా కొంటున్న ముగ్గురు నలుగురు ఆడవాళ్లను వంటింట్లోకి పిలువు. పిండి డబ్బా, వెన్న ప్యాకెట్, పాలు, చక్కెర వాళ్ల ముందే తెరువు. వేడి ట్రే బయటికి తీసి వాళ్ల చేతికే మొదటి బిస్కెట్ ఇవ్వు. వాళ్లు ఇంటికెళ్లి చెప్పే ఒక్క మాట, నువ్వు రాసే వంద మెసేజ్‌ల కన్నా దూరం పోతుంది. మళ్లీ నీ పేరుతో, అబద్ధంతో పెడితే మాత్రం సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యి, మీ పోలీస్ స్టేషన్‌లో కూడా ఇవ్వు. భయపడి ఊరుకుంటే ఇంకొకరి మీద పడతారు.

హలీం ఆపకు. హైదరాబాద్ హలీంకు 2010లో, ఇది ఆ ఊరి వస్తువే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, మన దేశంలో మాంసంతో చేసిన వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. ఇప్పుడు రంజాన్ వస్తే ఆ గిన్నె దగ్గర నిలబడే లైన్లో ఏ మతంవాళ్లు ఎంతమందో నువ్వే చూస్తున్నావు కదా.

*

మేడమ్, మాది మహబూబ్‌నగర్. నాన్న టైలర్, క్లాక్ టవర్ దగ్గర చిన్న షాపు. నేను, నా ఫ్రెండ్ ప్రింటర్, హీట్ ప్రెస్ కొని కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ టీములకు జెర్సీలు చేస్తున్నాం. రెండు ఇబ్బందులు. పెద్ద కంపెనీ గుర్తు వేసిస్తేనే తీసుకుంటామంటారు, ముస్లిం కుర్రాళ్లు పెట్టిన పేరు ఎవరికి తెలుసు అంటారు. రెండోది, డబ్బులు టోర్నమెంట్ అయ్యాక అంటారు. అవి రావు.
ఒక తమ్ముడు, మహబూబ్‌నగర్

తమ్ముడూ, మొదటి దానికి నా జవాబు గట్టిగానే ఉంటుంది: ఇంకొకరి గుర్తు వెయ్యకు. ఒక్క ఆర్డర్‌కు కూడా వద్దు. ట్రేడ్‌మార్క్ చట్టం 103వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉంటుంది. ఊరంతా వేస్తున్నారు కదా అనుకోవద్దు. అందరూ చేసే తప్పుకు ముందు ఎవరి షాపు మీదికి వస్తారో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నీ దగ్గర ఉన్నది వాళ్ల దగ్గర లేదు. మీ నాన్న చెయ్యి ఉంది. మీ ఉత్తరం చదివాక ఒక ఊళ్లో కబడ్డీ ఆట చూస్తూ జెర్సీలే గమనించాను. రైడర్‌ను పట్టుకునేవాళ్లు నడుమో, భుజమో పట్టుకుని లాగుతారు. జెర్సీ పోయేది బట్ట దగ్గర కాదు, భుజం మీది కుట్టు దగ్గర, చంక కింద. ఆ రెండు చోట్లా మీ నాన్నతో డబుల్ కుట్టు వేయించి, లోపల పట్టీ పెట్టించు. ఒక సీజన్‌లో కుట్టు విడిపోతే ఉచితంగా కుట్టి ఇస్తామని బిల్లు మీద రాయి. నీ సొంత పేరు మెడ వెనక లోపల కాకుండా ఛాతీ మీద, కుడి పక్కన వేసుకో. ఆ జెర్సీలు రెండు టోర్నమెంట్లు చిరగకుండా నిలిస్తే ఆ పేరు ఎవరికి తెలుసు అని ఎవరూ అడగరు. బట్టల పేరుకు ట్రేడ్‌మార్క్‌లో 25వ తరగతి.

ఒక్క జాగ్రత్త. చవకగా వస్తోందని కాటన్ కలిసిన బట్ట తెచ్చుకోవద్దు. మీ మెషీన్ రంగు ఇంచుమించు 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిస్టర్ దారంలోకి పోతుంది, కాటన్‌ను పట్టుకోదు. నాలుగు ఉతుకులకు నంబర్ వెలిసిపోతే నీ పేరూ దాంతోపాటే పోతుంది.

ఉద్దెర సంగతి. కబడ్డీ టీము అంటే ఆడేది ఏడుగురు, మొత్తం పన్నెండు మంది. ఆ పన్నెండు మంది దగ్గర తలా కొంత వసూలు చెయ్యడం కెప్టెన్ కుర్రాడి వల్ల కాదు, అందుకే నీకు ఇవ్వలేకపోతున్నాడు. వాళ్లు మోసగాళ్లు కాదు. జెర్సీ వెనక ఎవరి పేరు వేయమంటున్నారో చూడు, ఎరువుల దుకాణం ఆయనదో, ఊరి పెద్దదో ఉంటుంది. డబ్బులు ఆయన దగ్గర తీసుకో. పేర్లు, సైజులు, నంబర్లు కాగితం మీద రాయించుకున్న రోజే సగం, ఇచ్చేటప్పుడు మిగతా సగం. సగం రాకముందు బట్ట కత్తిరించకు. మొదట్లో ఒకటి రెండు ఆర్డర్లు పోతాయి, పోనీ.

*

జడ్చర్లలో బండి మీద జొన్నరొట్టెలు, బోటి కూర అమ్ముతాను. బండికి కూడా లైసెన్స్ కావాలా? చదువు రాదు.
ఒక అన్న, జడ్చర్ల

కావాలన్నా. బండికైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. నేను చేయించుకున్నప్పుడు చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయలే ఫీజు. ఆధార్, ఫొటో తీసుకుని మీసేవకో, చదువుకున్న పిల్లలెవరి దగ్గరికో వెళ్లండి. వేలకు వేలు అడిగితే లేచి వచ్చేయండి.

*

అమ్మా, మాది నకిరేకల్. మాదిగలం. నేను కూలి పని చేస్తాను. మా అమ్మాయి డ్రిల్ టీచర్ల చదువు బీపీఈడీ చదివింది, వాలీబాల్ బాగా ఆడేది. ఉద్యోగం కోసం చూడకుండా ఆట సామాన్ల దుకాణం పెడతానంటోంది. మనోళ్లకు వ్యాపారం ఏం తెలుసు, ఆటలతో మనకేం పని అని చుట్టాలు నవ్వుతున్నారు. నాకు భయంగా ఉంది.
ఒక తండ్రి, నకిరేకల్

అన్నా, మీ చుట్టాలకు చెప్పడానికి ఒక సంగతి ఇస్తాను.

నా చిన్నప్పుడు మా ఊరి హైస్కూల్ డ్రిల్ సారు కుట్టు తెగిన వాలీబాల్ పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. తోలు బంతి, 18 ముక్కలు. నాయన వేపచెట్టు కింద కూర్చుని దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పేవాడు, ఏ కుట్టు వదులైందో బొటనవేలితో నొక్కి చూసేవాడు. దారానికి మైనం రాసి, రెండు సూదులు ఎదురెదురుగా, ఆరెతో చేసిన ఒకే రంధ్రంలోంచి లాగేవాడు. అన్నిటికన్నా కష్టం చివరి నాలుగు కుట్లు. లోపలికి చెయ్యి పట్టదు, బ్లాడర్‌కు సూది తగలకూడదు, ముడి బయటికి కనబడకూడదు. ఊపిరి బిగబట్టి చేసేవాడు. తర్వాత గాలి కొట్టి నేల మీద ఒకసారి ఎగరేసి, ఆ చప్పుడు విని తల ఊపేవాడు. డ్రిల్ సారు రూపాయో రెండో ఇచ్చేవాడు. అన్నేళ్లలో మా ఇంట్లో మంచినీళ్లు అడగలేదు. బంతి మాత్రం రెండు చేతులా పట్టుకుని వెళ్లేవాడు.

మనకు ఆటలతో ఏం పని అంటారా? తోలు లేకుండా క్రికెట్ బంతి ఉందా? 1876లో ధార్వాడ్‌లో తోలు పని చేసే కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ, 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో ఆడి ఆ ఒక్క పర్యటనలో 114 వికెట్లు తీశాడు. పుణెలో ఆడేటప్పుడు టీ సమయానికి మిగతావాళ్లు లోపల కప్పుల్లో తాగితే ఆయనకు బయట మట్టి ముంతలో పోసేవాళ్లు. ఆయన వేసిన బంతిని పట్టుకోవడానికి అడ్డం రాని మైల, కప్పుకు అడ్డమొచ్చింది. నాకు తిరిగొచ్చిన 14 సీసాలు గుర్తొస్తాయి ఇది తలుచుకున్నప్పుడల్లా. మన పాలమూరులోనే చూడండి, కురుమూర్తి జాతరకు వడ్డెమాన్‌లో మనవాళ్లు తోలుతో కుట్టిన స్వామి పాదరక్షలు, ఉద్దాలనే ఊరేగింపుగా గుట్టకు తీసుకెళ్తారు, జనం వాటిని నెత్తికి ఆనించుకుంటారు. మన చేతి పని ఎంత పెద్దదో మనమే మరిచిపోయాం.

దేశ విభజనప్పుడు సియాల్‌కోట్ నుంచి వచ్చిన వ్యాపారులు, పనివాళ్లతో జలంధర్, మీరట్ ఆట సామాన్లకు కేంద్రాలయ్యాయి. ఆ జలంధర్‌లోనే బూటా మండీ అనే చోట తోలు వ్యాపారంలో ఎదిగిన దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మనోళ్లకు వ్యాపారం రాదు అనేది ఎవరో చెప్పగా మనం నమ్మిన మాట.

మీ భయం మాత్రం సరైనదే, డబ్బుతో పని కదా. అమ్మాయితో ఇవి మాట్లాడండి. దుకాణం నింపడానికి అప్పు చెయ్యవద్దు. మొదట వాలీబాళ్లు, నెట్లు, షటిల్ రాకెట్లు, టెన్నిస్ బంతులు, స్కిప్పింగ్ తాళ్లు చాలు. బూట్లు పెట్టవద్దు, సైజులన్నిటిలో డబ్బు ఇరుక్కుపోతుంది. వాలీబాల్ అమ్మే ముందు తూకం వేసి చూపించమనండి, 260 నుంచి 280 గ్రాముల మధ్య ఉండాలి. నాసి బంతి ఏదో ఆడినమ్మాయికి చేతితోనే తెలుస్తుంది, అదే ఆమె పెట్టుబడి. రాకెట్లకు తీగలు బిగించే మెషీన్ ఒకటి కొనండి. అమ్మకం లేని రోజు కూడా ఆ పని కొంత తెస్తుంది.

అసలు బేరం బడులతో. బడుల కోసం ఉన్న కేంద్ర పథకం సమగ్ర శిక్ష నిబంధనల్లో ఆట సామాన్లకు ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, హైస్కూల్‌కు 25,000 రూపాయల దాకా ఉంది. మీ మండలంలో బడులెన్నో లెక్క రాసుకోండి. అమ్మాయిని చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తన పేరుతోనే చేయించుకోమనండి, అది పూర్తిగా ఉచితం.   2025 బడ్జెట్‌లో మొదటిసారి వ్యాపారం పెట్టే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 2 కోట్ల దాకా టర్మ్ లోన్లు ఇస్తామని ప్రకటించారు, సరుకు కోసం కాదు, మెషీన్ లాంటివాటికి కావాలంటే మీ బ్యాంకులో దాని గురించి రాతపూర్వకంగా అడగండి. నోటి మాటతో అడిగితే నోటి మాటతోనే పంపించేస్తారు.

ఇంకొకటి. దుకాణంలో ఒక మూల బంతులు కుట్టే బల్ల పెట్టమనండి. ఊళ్లల్లో కుట్టు తెగిన బంతులు ఇప్పుడు పారేస్తున్నారు, బాగుచేసేవాళ్లు లేరు కాబట్టి. మా నాయన ఆరె, తోలు కోసే రంపె నా దగ్గరే ఉన్నాయి. అమ్మాయికి కావాలంటే ఈ పత్రిక అడ్రస్‌కు రాయమనండి, నేనే తెచ్చిస్తాను. చివరి నాలుగు కుట్లు ఎలా వెయ్యాలో చూపించడం మా తమ్ముడికి వచ్చు.